మామ్మ గోడకి మూడు కాపీలు

ఎనభైల తొలి ఏళ్లలో మా సత్తెనపల్లి చుట్టుపక్కల కాంట్రాక్టరు అనిపించుకోవడానికి పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. చంకలో ఒక రెగ్జిన్ బ్యాగు, జేబులో మంచి పెన్ను ఉంటే చాలు. పత్తి జోరుగా వేస్తున్న కాలం అది. రోడ్డు పక్కన ఖాళీ గోడ కనబడితే పురుగుమందుల కంపెనీలు వదిలేవి కావు. ఆ గోడల మీద బొమ్మలు వేసేవాడు మా పెద్దమ్మ కొడుకు, మా అన్న. ఇంగ్లీషులో సంతకం పెట్టడం వచ్చు కాబట్టి కాంట్రాక్టరును మాత్రం నేను. (డిగ్రీ తప్పిన సంగతిని ఆ బ్యాగు కప్పేసేది.) అన్న నిచ్చెన మీద ఉంటే నేను కింద నిలబడి, దారిన పోయేవాళ్లకి వినబడేలా కొంచెం ఎడమవైపు, కొంచెం పైకి అని చెబుతుండేవాణ్ని. అన్న ఏనాడూ ఎడమవైపు జరగలేదు.

మాకు పనులిచ్చే ప్రకటనల ఏజెన్సీ బోర్డు మీద బెజవాడ అని ఉండేది గానీ, అద్దె తక్కువని గది మాత్రం కృష్ణకి ఇవతల తాడేపల్లిలో తీసుకున్నారు. అక్కడి గుమాస్తాగారి వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. మేం ఆయనకి కార్బన్‌గారని పేరు పెట్టుకున్నాం. మంచి మనిషి, వెళ్లినప్పుడల్లా టీ తెప్పించేవారు, కానీ కాగితం లేనిదే గోడ కూడా గోడ కాదనేవారు. గోడ యజమాని ఒప్పందపత్రం మూడు కాపీలు: ఒకటి కంపెనీకి, ఒకటి ఏజెన్సీకి, ఒకటి ఇంటివాళ్లకి. బొమ్మ పూర్తయ్యాక ఫోటోలు మూడు, వాటితో పాటు నెగటివూ ఇచ్చెయ్యాలి. అవి కాక నేను ఏజెన్సీ ఉద్యోగిని కాననీ, నిచ్చెన మీంచి పడితే వాళ్లకేమీ సంబంధం లేదనీ ఇంకో పత్రం. (నేను నిచ్చెన ఎక్కిందే లేదు. ఎక్కే అన్న పేరు ఏ కాగితంలోనూ లేదు.)

ఆ ఏడు దర్శి వైపు గోడలు చూడమన్నారు. ఒక ఊళ్లో బస్సులు ఆగే చోట, అందరూ మామ్మ అని పిలిచే ఒక పెద్దావిడ ఇల్లు. ఒంటరి మనిషి. మిషన్ బడిలో ఆయాగా చేసి మానేసి, ఇంటి దగ్గరే కూలికి మిరపకాయల తొడిమలు తీస్తుండేది. మిగతావాళ్లంతా నేను వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టేవాళ్లు గానీ, మామ్మ మాత్రం బడిలో పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్న చదువుతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పత్రమంతా చదివింది. కాంట్రాక్టరునైన నేను దాన్ని పూర్తిగా విన్నది అదే మొదటిసారి. అంతా అయ్యాక మూడింటి మీదా సంతకం పెట్టి తన కాపీ పెట్టెలో దాచుకుంది.

కంపెనీ ఇచ్చిన డిజైనులో మందు డబ్బా పట్టుకున్న రైతు, పక్కన నవ్వుతూ భార్య. ఆవిడది సినిమా హీరోయిన్ ముఖం. బొమ్మ సగంలో ఉండగా నా కాలు తగిలి రంగు డబ్బా ఒలికింది, డిజైను కాగితంలో ఆ ముఖం నీలంలో మునిగిపోయింది. ఇంకో కాగితం కోసం తాడేపల్లి దాకా ఎవరు పోతారని అన్న తనే చూసుకుంటానన్నాడు. ఎదురుగా నీడలో మామ్మ కాయల తొడిమలు తీస్తూ బడి సంగతులు చెబుతోంది. అన్న ఆవిణ్ని చూస్తూ, వయసు తగ్గించుకుంటూ, ముఖం వేసుకుంటూ పోయాడు.

అన్న నిచ్చెన దిగాక మామ్మ లేచొచ్చి గోడ ముందు నిలబడింది. నచ్చలేదేమోనని నేను సర్దిచెప్పబోతుంటే, “మా చిన్నమ్మాయి,” అంది. కామెర్లొచ్చి పోయిందట, పెళ్లయిన మరుసటేడే. “దానికొక ఫోటో అయినా లేదు నాయనా. తీయిద్దాం తీయిద్దాం అనుకుంటానే ఉన్నాం.” అన్న కుంచెలు కడిగే నెపంతో అవతలికి పోయాడు. బొమ్మ ఎన్నాళ్లుంటుందని మామ్మ నన్నడిగింది. ఏడాది ఖాయమనీ, పత్రంలోనే ఉందనీ కాంట్రాక్టరు హోదాలో చెప్పాను.

ఫోటోలు పంపిన కొన్నాళ్లకి ఈ ఆడమనిషి ఎవరని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ముఖం మార్పించడానికి కార్బన్‌గారు స్వయంగా మాతో బస్సెక్కారు. ఆయన చెప్పిందంతా మామ్మ విని, లోపలికెళ్లి తన కాపీ తెచ్చి, ఒక వరస కింద వేలు పెట్టి చదివింది. ఏజెన్సీ గానీ, కాంట్రాక్టరు గానీ, ఇంటి యజమాని గానీ ఏడాదిలోపు ఈ బొమ్మను చెరపరాదు, మార్చరాదు. “మీరు రాసిందేగా అయ్యగారూ,” అంది. కార్బన్‌గారు కళ్లజోడు తుడుచుకుని, సంచిలోంచి ఆఫీసు కాపీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. (ఒకే కార్బన్ కింద రాసినవి, తేడా ఎక్కణ్నుంచి వస్తుంది?) తర్వాత నా వైపు తిరిగారు. “కాగితం ఆవిడ పక్షాన ఉంది బాబూ.” తన సర్వీసులో మూడో కాపీ చదివిన మనిషిని ఇన్నాళ్లకి చూశానన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు. మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగి తిరుగు బస్సెక్కారు.

బొమ్మ నిలిచింది, నేను నిలవలేదు. కాంట్రాక్టర్ల జాబితాలోంచి నా పేరు తీసేసినట్టు ఉత్తరం వచ్చింది. ఎందుకో మూడు కాపీలూ నాకే పంపారు. అన్న జిన్నింగ్ మిల్లులో పనికి కుదిరాడు. నేను ఎరువుల కొట్లో పద్దులు రాయడానికి చేరాను. మామ్మకి ఇవ్వడానికి ఒక ఫోటో కావాలని కార్బన్‌గారిని అడిగితే, నెగటివుతో సహా అన్నీ బొంబాయిలో కంపెనీ ఆఫీసుకి పోయాయన్నారు. ఆయన రెండుసార్లు రాశారు కూడా. జవాబు లేదు. మనమే ఇంకోసారి ఫోటోగ్రాఫరుని తీసుకెళ్దాం అనుకున్నాం. మిల్లు సీజనని ఒకసారి, కొట్లో లెక్కలని ఒకసారి, వానలని ఒకసారి ఆగాం. ఏడాది ఉందిగా అనే ధీమా మాది.

ఆఖరికి వెళ్లేసరికి ఆ గోడ మీద వేరే కంపెనీ ట్రాక్టరు ఉంది. సున్నం వాసన ఇంకా పోలేదు. ఎందుకు వెయ్యనిచ్చావని అన్న అడిగితే మామ్మ ఆశ్చర్యంగా చూసింది. “కాగితంలో ఏడాదనేగా ఉంది నాయనా. గడువయ్యాక వద్దనడానికి నాకేం హక్కుంది?” గడువు దాటినా గోడ తనదేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఏ కాపీలోనూ రాయలేదు. మా ముఖాలు చూసి తనే ఓదార్చింది. రోజూ తలుపు తీసి బయటికి రాగానే కనబడేదనీ, ముందు అదీ లేదు కదా అనీ అంది. తీసుకొచ్చిన ఫోటోగ్రాఫరుని ఊరికే పంపలేక మామ్మకే ఒక ఫోటో తీయించాం.

ఆ ఫోటో ఒకటి మా ఇంట్లోనూ ఉంది. మామ్మ పోయిన చాలా ఏళ్లకి దాన్ని అన్న చేతికిచ్చి, వయసు తగ్గించి ఆ ముఖం మళ్లీ వెయ్యగలవా అని అడిగాను. చాలాసేపు చూశాడు. “అప్పుడు ఆవిడ మాట్లాడతా ఉంటే వేశాన్రా,” అని తిరిగిచ్చేశాడు. ఫోటో అంచున టక్ చేసుకుని, చంకలో రెగ్జిన్ బ్యాగుతో, ట్రాక్టరు బొమ్మ తనే వేయించినంత గంభీరంగా నిలబడిన కుర్రాడొకడున్నాడు. వాణ్ని చూస్తే నవ్వొస్తుంది. ఒక్క నెల ముందు రావలసింది కదరా అని వాడికి మెల్లగా చెప్పాలనిపిస్తుంది.