ఎడమ చెంప మీద తడి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు! మాది రాజాం దగ్గర పల్లె. కిందటేడు కళ్లంలో ధాన్యం తూర్పారబడుతుంటే ఎడమ కంట్లో వడ్ల పొట్టు పడింది, నలిపినకొద్దీ మంట, మా అత్త నా మీద ప్రేమకొద్దీ, "ఓలమ్మా, ఆసుపత్రెందుకే, సనుబాలు ఎయ్యే, సల్లబడిపోద్ది" అని పక్కింటి బాలింతచేత పాలు పిండించుకొచ్చి రోజూ పోసింది, చల్లబడడం మాట దేవుడెరుగు, కన్ను తెల్లగా పూత కట్టి చివరికి చిట్లిపోయింది!

విజయనగరంలో డాక్టరమ్మ చూసి, ఆ కంటికి ఇక చూపు రాదు, ఉంచితే రెండోదానికీ ప్రమాదం, తీసెయ్యాలి అన్నారు. నేను ససేమిరా అన్నాను. మన సంఘంలో కన్నీటి ప్రార్థన అంటే నన్నే పిలుస్తారు కదా, ఒక కంటితో ఏడిస్తే దేవుడికి సగమే వినబడుతుందేమోనని నా పిచ్చి, నవ్వకండి! మా ఆయన నా కుడి కన్ను తన అరచేత్తో మూసి, "సూడు, ఇలగుంటాది. నీకిది కావాలేటి?" అన్నాడు. అంతా చీకటే. "తండ్రీ, ఇచ్చినవాడివి నువ్వే, ఆ కన్ను తీసుకో, ఈ ఒక్కటీ నాకుంచు!" అని ఏడ్చి ఒప్పుకున్నాను.

ఆపరేషనుకి ముందే నర్సమ్మ అన్నీ చెప్పింది: రెప్పలు మూసుకోకుండా పట్టే తీగ, కండరాలను ఎత్తి పట్టే చిన్న కొక్కెం, వంపు కత్తెర. కండరాలను ఒక్కొక్కటే విడదీసి, దారంతో పట్టి ఉంచి, వెనకనున్న నరం కత్తిరించి, గుడ్డు తీసి, ఆ చోట గుండ్రటి బంతి పెట్టి, దాని మీద అవే కండరాలు కుడతారట. మత్తు ఎక్కుతుంటే ట్రేలో పనిముట్ల గలగల మా కళ్లంలో వడ్లు జారుతున్నట్టు వినబడింది, కళ్లం నిండా వెన్నెల, పొట్టు ఎగరడం లేదు, ఎవరో నా తల ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా నిమురుతున్నారు, ఆ చేయి ఎవరిదో నేను అడగలేదు, నాకు తెలుసు.

లేచేసరికి కంట్లో పోటు లేదు, హల్లెలూయా! కొన్నాళ్లకు కృత్రిమ కన్ను పెట్టారు. మొదటి ఆదివారం ముసుగు ఎడమ పక్కకి బాగా లాక్కుని కూర్చున్నాను. ప్రార్థనలో ఎడమ చెంప తడిసింది. కుట్లు విడి రక్తం వచ్చిందేమోనని గబగబా తుడిచి కుడి కంటితో చూస్తే కన్నీళ్లు! కన్నీటి గ్రంథి రెప్ప పైన ఉంటుందట, దాన్ని ముట్టుకోలేదని నర్సమ్మ తర్వాత చెప్పింది.

సహోదరులారా, కంట్లో పొట్టు పడితే పాలు పోయకండి, ఆసుపత్రికి వెళ్లండి, దారిలో ప్రార్థన చేసుకోండి. ఆయన్ని నమ్మండి. ఈ కన్ను చూడదు, కానీ ఆయన ముందు ఇప్పటికీ ఏడుస్తుంది. దేవునికే మహిమ!