ఖాళీ అయ్యాకే రండి

2006. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డు. మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా నా డ్యూటీ. ఆ రోజు రోగులు ముప్పై నాలుగు మంది, నర్సును నేనొక్కడినే. రావలసిన రెండో నర్సును ఆపరేషన్ థియేటర్‌కు పంపేశారు. కాలేజీలో మాకు నేర్పిన లెక్క, ఐదారుగురికి ఒక నర్సు. ఆ లెక్క రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను. వార్డులో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పదకొండో మంచం సుందరరావు గారిది. మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద పని. కడుపులో పుండు వల్ల రక్తం పోయి నీరసించారు. మూడున్నరకు ట్రాన్స్‌ఫ్యూజన్, అంటే రక్తం ఎక్కించడం, మొదలుపెట్టాను. పేరు, గ్రూపు, సంచి నంబరు, గడువు తేదీ: నాలుగూ సరిచూశాను. ఐదోది, మొదటి పావుగంట మంచం పక్కనే నిలబడటం. రక్తం ఒంటికి పడకపోతే చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. నేను నిలబడింది నాలుగు నిమిషాలు. ఇరవై రెండో మంచం వాళ్లు అప్పటికే కేకలు పెడుతున్నారు.

వెళ్తూ ఆయన భార్య మరియమ్మ గారికి చెప్పాను. "చలి వేసినా, దురద పెట్టినా, ఆయాసం వచ్చినా నన్ను పిలవండమ్మా."

"అలాగేనండి, సిస్టరు గారూ."

పక్క మంచం పెద్దాయన నవ్వాడు. "మీసాలున్న సిస్టరు గారేంటమ్మా?"

"మరేమనాలండీ? సూదులిచ్చేవాళ్లని అలాగే కదండీ పిలుస్తారు."

ఇరవై రెండు దగ్గర వాంతులు. తొమ్మిదిలో సెలైన్ అయిపోయింది. ముప్పైలో సూది ఊడి చెయ్యి వాచింది. తలెత్తితే స్తంభం పక్కన చేతులు కట్టుకుని మరియమ్మ గారు.

"ఏమ్మా?"

"ఏం లేదండీ. మీరు ఖాళీ అయ్యాకే రండి."

"ఆయనకెలా ఉంది?"

"కొంచెం చలేస్తోందన్నారండి. దుప్పటి కప్పాను."

పరిగెత్తాను. రెండు దుప్పట్ల కింద మంచం కదిలేలా వణుకుతున్నారు. రక్తం ఆపాను, గొట్టం మార్చి సెలైన్ పెట్టాను, డ్యూటీ డాక్టరును పిలిచాను. ఇంజెక్షన్లు పడ్డాక, గంటకు వణుకు తగ్గింది. బతికారు.

"పిలవమన్నాను కదమ్మా!" నా గొంతు పెరిగింది.

"రెండుసార్లు వచ్చానండి. మీరేమో ఆ చివరికీ ఈ చివరికీ పరుగులు. అన్నమైనా తిన్నారో లేదో అనిపించింది. పని మీదున్న మనిషిని ఎలా పిలుస్తామండీ?"

ఇలాంటిది జరిగితే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. అందులో 'కారణం' అని ఒక గడి. మా నర్సులకు పెద్ద, మేట్రన్ గారు మెల్లగా అన్నారు, "అటెండెంటు ఆలస్యంగా చెప్పారని రాసెయ్ బాబూ. నీకు గొడవుండదు."

అటెండెంటు అంటే రోగి పక్కనుండే మనిషి. ఇక్కడ మరియమ్మ గారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అందుకే పెన్ను ఆగింది. చివరికి ఇలా రాశాను: "రోగులు 34. నర్సు 1. పక్కన నిలబడింది 4 నిమిషాలు."

"నీ మీదకే తెచ్చుకుంటున్నావు" అని ఆవిడ సంతకం పెట్టారు. ఆ మర్నాడూ వార్డులో నేనొక్కడినే.

అప్పటి నుంచి నేను ఎవరికీ 'పిలవండి' అని చెప్పలేదు. మా వైపు వాళ్లకు ఆ మాట చాలదు. పిలవని మంచం దగ్గరే నా రౌండు మొదలుపెడతాను. "నేను ఏ పనిలో ఉన్నా సరే, చొక్కా పట్టుకు లాగండి" అంటాను. కొందరు నిజంగానే లాగుతారు. లాగే ముందు, "ఏమీ అనుకోకండి" అంటారు.