పొట్ట కుట్టించుకున్న చలికాలం

మైదుకూరులో బస్సెక్కేసరికి సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. కండక్టరు నన్నొకసారి ఎగాదిగా చూసి, ముందు సీట్లో ఉన్న పెద్దమనిషితో "లెయ్యప్పా, ఆయమ్మ కడుపుతో ఉండాది, కనపడ్లేదా?" అన్నాడు. ఆయన నొచ్చుకుంటూ లేచాడు. నేను కాదని చెప్పలేదు. చెప్పాలంటే బస్సంతా వినేలా చెప్పాలి. కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, కడప వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. అప్పటికి నా కవలలు తొమ్మిదో తరగతి చదువుతున్నారు.

ఇంటికొచ్చి చెబితే నా భర్త పడీపడీ నవ్వాడు. "సీటు దొరికింది కదా, ఇంకేం!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

నేను మైదుకూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. కవలల్ని మోసిన పొట్ట మళ్ళీ దగ్గరికి రాలేదు. పొద్దున్నే నడిచి, అన్నం తగ్గించి బరువు తగ్గాను. చేతులు సన్నబడ్డాయి, మొహం పీక్కుపోయింది, పొట్ట మాత్రం ఖాళీ సంచిలా వేలాడుతూనే ఉంది. పడుకుని లేవబోతే బొడ్డు పైన మధ్యలో మిట్టలా పొడుచుకొచ్చేది. వరసగా రెండు క్లాసులు నిలబడి చెబితే నడుము పట్టేసేది. ఎండాకాలం ఆ మడత కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. ఫిజియోథెరపీ వ్యాయామాలు కూడా చేశాను. నొప్పి కొంచెం తగ్గింది గాని మిట్ట పోలేదు.

ఆపరేషన్ చేయించుకుంటానంటే నా భర్త "నా కంటికి నువ్వు బాగనే ఉండావు కదా" అన్నాడు.

"నీ కంటికి కాదప్పా, నా నడుముకు" అన్నాను.

మా అత్త మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "కర్నూలుకు నేనూ వస్తా. ఆస్పత్రిలో మొగోడు ఏం చేస్తాడు?" అంది.

కర్నూలులో సర్జన్ నా ఈడు ఆడమనిషే. పరీక్ష చేసి, సూటిగా చెప్పింది. "ఇది సన్నబడే ఆపరేషన్ కాదమ్మా. ఆ పని నువ్వు చేసుకోనే వచ్చినావు. విడిపోయిన కండరాలను నేను దగ్గరికి కుట్టి, మిగిలిన చర్మం తీసేస్తా. ఈ తుంటి నుంచి ఆ తుంటిదాకా మచ్చ ఉంటాది. చీర కట్టు కింద కనపడదు, కానీ పోదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటాండావా?"

నేను నోరు తెరిచేలోపే మా అత్త "వద్దు తల్లీ, ఆ ఇద్దరితోనే సాలు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మరి బొడ్డు యాడికి పోతాది?" అని అడిగింది.

"యాడికీ పోదు పెద్దమ్మా, దాని తావులోనే ఉంటాది. పై చర్మం కిందికి లాగినాక దానికి కొత్తగా కిటికీ పెడతాం."

మా అత్త ఆ కిటికీ మాటకు శాంతించింది. డాక్టరు నన్ను చలికాలంలో సెలవు పెట్టుకుని రమ్మంది. మన సీమ ఎండల్లో పొట్టకు బెల్టు కట్టుకుని నువ్వు తట్టుకోలేవని చెప్పింది.

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను నిలబెట్టి పొట్ట మీద పెన్నుతో గీతలు గీశారు. తర్వాత మత్తు. మెలకువ వచ్చేసరికి మోకాళ్ళ కింద దిండ్లు, పొట్ట చుట్టూ బిగుతైన బెల్టు. రెండు పక్కల నుంచీ సన్నటి గొట్టాలు వచ్చి, చివర రబ్బరు బుడ్డీల్లోకి ఎర్రటి నీరు దిగుతోంది. మా అత్త వాటిని చూసి "దానిమ్మకాయలు" అని పేరు పెట్టింది. పొద్దున, సాయంత్రం నర్సు వాటిలో నీరు కొలిచినప్పుడల్లా పక్కనే నిలబడి, తగ్గిందంటే పొంగిపోయేది.

కోసినట్టుగా మంట ఉంటుందనుకున్నాను. అది తక్కువే. నన్ను ఎవరో మధ్యకు మడిచి తాళ్ళతో బిగించినట్టుండేది. దగ్గొస్తే మాత్రం ప్రాణం పోయేది. మరుసటి రోజే నర్సు వచ్చి లేచి నడవాలంది. పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ప్రమాదమట. నడుము నిటారుగా పెడితే కుట్లు లాగుతాయి కాబట్టి వంగే నడవాలి. మా అత్తకు వయసుతో వచ్చిన వంపు ఎటూ ఉంది. ఇద్దరమూ చేయీ చేయీ పట్టుకుని, ఒకే వంపుతో ఆస్పత్రి వరండాలో బయలుదేరాం. ఎదురుగా వస్తున్న ఒకామె ఆగి, "పేషెంటు మీలో ఎవరమ్మా?" అని అడిగింది. మా అత్త "కనుక్కో చూద్దాం" అంది.

గొట్టాలు ఇంకా తీయలేదు, వాటితోనే కడపకు కారులో తిరుగు ప్రయాణం. సీటు వెనక్కి వాల్చి, పొట్ట మీద దిండు అదుముకుని కూర్చున్నాను. నా భర్త ఎంత నెమ్మదిగా నడిపాడంటే ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. ఆళ్ళగడ్డ దగ్గర ఆపి, నన్ను దింపి, కాసేపు నడిపించి మళ్ళీ ఎక్కించాడు.

ఇంట్లో మా అత్త నన్ను బాలింతను చేసేసింది. వెల్లుల్లి కారం, మిరియాల చారు పెట్టి, పెరుగు బంద్ చేసింది. పెరుగు తింటే కుట్లు చీము పడతాయట. డాక్టరుకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. గుడ్లు, పప్పు, పెరుగు అన్నీ పెట్టాలని, గాయం మానడానికి అవే కావాలని అవతల నుంచి వినిపించింది. మా అత్త ఫోన్ పెట్టేసి, "చదువుకున్నోళ్ళు చెప్తే వినాల గదా" అని గొణుక్కుంటూ పెరుగు గిన్నె తెచ్చింది. గిన్నె నా ముందు ఠక్కున పెట్టింది.

చుట్టుపక్కల అందరికీ హెర్నియా ఆపరేషన్ అని చెప్పాం. మేము ఆపా అని పిలిచే ఎదురింటావిడ చూడ్డానికి వచ్చింది.

"హెర్నియా ఏ పక్కమ్మా? మా ఆయనకు కుడిపక్క వచ్చిండె."

నా బదులు మా అత్త "నడిమధ్యలో" అంది.

"నడిమధ్యలోనా? మరి రెండు పక్కలా ఈ గొట్టాలేంటికి?"

అబద్ధం మోయడం మా అత్తకు చేతకాదు. "హెర్నియా లేదు ఏమీ లేదు ఆపా. నడుమునొప్పి తట్టుకోలేక, వేలాడే పొట్ట కోపిచ్చి కుట్టిచ్చుకుండాది నా కోడలు. తప్పా?"

ఆపా తన పొట్ట వైపు చూసుకుంది. "తప్పేంటికి? నాతో ముందే చెప్పింటే నేనూ వస్తాంటి కదా. ఒక మత్తుతోనే ఇద్దరికీ కుట్టిందురు!"

నాకు నవ్వాగలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి. దిండు పొట్టకు అదుముకుని, కళ్ళలో నీళ్ళతో "అత్తా, ఆపాను పంపించేయ్" అని బతిమాలాను. వాళ్ళిద్దరూ నన్ను చూసి ఇంకా నవ్వారు.

గొట్టాలు తీయించుకుని వచ్చాక ఒక మధ్యాహ్నం బెల్టు విప్పి అద్దంలో చూసుకున్నాను. ఒళ్ళంతా వాపు. మచ్చ ఎర్రగా, లావుగా ఉంది. బొడ్డు ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. దాని కింద వేలు పెడితే స్పర్శే తెలియడం లేదు. మంచం మీద కూలబడి ఏడ్చాను.

మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. "వాపు తగ్గుతాదిలే, గమ్మునుండు. నేను అయిదుగురిని కంటి. పొట్టకు పాతచీర బిగిచ్చుకోని సేన్లో పని చేస్తి. నడుము నొస్తాదంటే ఆడోళ్ళకు ఉండేదే అందురు. నేనూ అట్లనే అనుకుంటి. నువ్వు నోరు తెరిచి చెప్పినావు. నాకు శానా కోపం వచ్చె మొదట. ఇప్పుడు లేదు." ఆమె తన నొప్పి గురించి చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి ఆమె నడుముకు కూడా నేనే ఫిజియోథెరపీ మొదలుపెట్టించాను. మొదట తిట్టింది, తర్వాత మానలేదు.

మధ్యలో ఒక భయం కూడా పట్టుకుంది. పక్కకు తిరిగితే పొట్టలో నీళ్ళు కదిలినట్టు అనిపించింది. మళ్ళీ కర్నూలుకు పరుగెత్తాం. చర్మం కింద నీరు చేరిందని, ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి అలా అవుతుందని చెప్పి డాక్టరు సూదితో లాగేసింది. అక్కడ స్పర్శ లేదు కాబట్టి సూది నొప్పే తెలియలేదు.

నెలన్నర బిందె ఎత్తలేదు, బండి నడపలేదు. రోజుకు కొంచెం కొంచెం నిటారుగా లేచాను. కాలేజీకి వెళ్ళిన మొదటి రోజుల్లో చీర కింద బెల్టు బిగించుకునే పాఠం చెప్పాను. సాయంత్రానికి ఇంకా వాచేది, కాని నడుము పట్టేయలేదు. వాపు పూర్తిగా దిగడానికి ఎండాకాలం దాకా పట్టింది. మచ్చ ఇప్పుడు లేత గోధుమ రంగులో ఉంది. బొడ్డు కింద అరచేయంత మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం అన్నాలయ్యాక, నాపరాళ్ళ నేల మీద చాప కూడా వేసుకోకుండా బోర్లా పడుకున్నాను. పిల్లలు పుట్టాక అలా పడుకోవడం అదే మొదలు. చల్లగా, చదునుగా, కింద ఏదీ అడ్డం లేకుండా. పిల్లలు కంగారుగా "నాయనమ్మా, అమ్మ పడిపోయింది!" అని అరిచారు. మా అత్త వచ్చి చూసి, "పడిపోలేదు, పడుకుండాది. ఆ ఫ్యాను పెద్దగ పెట్టండి" అంది. టీ వేళ దాకా లేవలేదు.