పోగుంట పెట్టని ట్రే

రాస్తున్నావా, మనవరాలా? ఈ నానమ్మ మాటను పుస్తకం తెలుగులోకి దిద్దుకో, కాదనను. మనుషులు అన్నవి మాత్రం అన్నట్టే ఉండాలి.

మీ బడికి బొబ్బెర్ల విత్తనాలు వచ్చాయి. కొన్ని అంతరిక్షానికి పోయి వచ్చినవి, కొన్ని ఇక్కడే నేల మీద ఉన్నవి. రెండింటినీ ఒకేలా పెంచి తేడా చూడాలట. నీకు రెండు ట్రేలు ఇచ్చారు. మన ఇచ్చోడ ఇంట్లో కోళ్ళకు అందకుండా గోడ మీద పెట్టావు. నేలవి గుబురుగా మొలిచాయి. పైకి పోయొచ్చినవి అక్కడొకటి, ఇక్కడొకటి.

మీ అమ్మ చూసింది. పత్తి చేలల్లో పెరిగిన మనిషి. గింజ మొలవని చోట ఇంకో గింజ పెట్టకపోతే ఆమె చెయ్యి ఊరుకోదు. పోగుంట పెట్టడం అంటాం దాన్ని. డబ్బాలోంచి పిడికెడు ఇంటి బొబ్బెర్లు తీసి, మట్టిలో వేలు గుచ్చింది. గింజ వెయ్యబోతుంటే నువ్వు చూశావు.

“అమ్మా! ఏం జేస్తున్నవ్?”

“పోగుంటలు పెడ్తున్న. ఖాళీగుంటే మంది నవ్వరా?”

“నవ్వనియ్యి! మొలిచినయెన్నో, మొలవనియెన్నో గదే చూడాలె. నువ్వు నింపితె నేనేం చూడాలె?”

మీ అమ్మ నా వైపు తిరిగింది. “చూసినవా అత్తమ్మా, పోరి గుంతలకు కావలి గాస్తది!”

నవ్వాను గానీ, నేను నీ పక్షమే.

బడిలో చూపించే రోజు ఆ గుంతల ట్రే నేనే మోసుకొచ్చాను. మీ మేడం మొహం ముడుచుకుంది.

“పెద్దసార్లు వస్తుండ్రు. దీన్ని బెంచి కిందికి నూకు. నిండుగున్నదే ముంగట పెడ్దాం.”

నువ్వు ఆ ట్రేను గట్టిగా పట్టుకున్నావు. “రెండు పక్కపక్కనే ఉండాలె మేడం. ఒక్కటే పెడితె దేనితోని పోలుస్తరు?”

ఇక నేను ఊరుకుంటానా? “ఆకాశం దాకా పోయొచ్చింది మేడం, బెంచి కింద కూసుంటదా? దాన్ని తీస్తే నన్ను గూడ తియ్యాలె,” అని అక్కడే చతికిలబడ్డాను. ఈ మోకాళ్ళతో నన్ను లేపడం ఎవరి తరం?

పెద్దసార్లు వచ్చారు. నిండు ట్రేకు ఫొటో తీసుకున్నారు. మనదాన్ని చూసి ఒకాయన, “ఇది ఎండిపోయిందా?” అన్నాడు.

“ఎండలే సార్, మొలవలే,” అన్నావు నువ్వు.

“ఎందుకని?”

“ఇంక తెల్వది సార్.”

మేడం పళ్ళు కొరికింది. కొరకనీ. ఆ ట్రే సాయంత్రం దాకా ముందే ఉంది, గుంతలతో సహా.

ఉన్నది ఉన్నట్టే రాయి. నేను మాట ఆపిన చోటల్లా నీ మాట పెట్టి నింపకు.