కిచెనర్‌లో యాపిల్ డ్యూటీ

జూన్ మొదటి సోమవారం సాయంత్రం 5:40కి కెనడాలోని కిచెనర్ చేరాను. పద్నాలుగు డిగ్రీలు, సన్నటి వాన. నా సామాను ఒక సూట్‌కేసు, ఒక కుక్కరు, ఒక డైరీ. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు రేషన్ సరఫరా చూశాను. చివరి పోస్టింగ్ కశ్మీరు లోయ. ఈ పోస్టింగ్‌కు ఆర్డరు వేసింది మా మేనకోడలు. "మామయ్యా, సాహితి కాలు విరిగింది. నాకు వీసా రాలేదు, నీకు ఉంది. ఆరు నెలలు చూసిరా."

సాహితి ఆమె కూతురు, ఖమ్మం నుంచి వెళ్లి అక్కడి కాలేజీలో చదువుతోంది. ముగ్గురమ్మాయిలు ఒక బేస్‌మెంట్‌లో ఉంటారు. కిటికీలోంచి చూస్తే గడ్డి కళ్లెత్తున కనిపిస్తుంది. మెట్లు పదమూడు. నా మంచం మెట్ల పక్కన.

వాళ్లలో కారున్న నిజామాబాద్ అమ్మాయి మాకు డ్రైవర్. మొదటి వారమే అంది, "అంకుల్, ఫ్రిజ్‌కి కూడా డ్యూటీ చార్ట్ వేసిండ్రా?"

వేశాను.

రోజూ ఉదయం ఏడింటికి సాహితికి ఒక యాపిల్ కోసేవాణ్ణి. దాని మీది స్టిక్కర్‌ను డైరీలో తేదీ పక్కన అంటించేవాణ్ణి. సరుకు ఎక్కడిదో రాయకుండా పంచడం నాకు చేతకాదు.

నవంబరు చివరి సోమవారం, మధ్యాహ్నం మూడు. మర్నాడు పదింటికి సాహితి ప్రెజెంటేషన్. యాపిల్స్‌లో ఏ దేశం స్వయంసమృద్ధం, కెనడానా, ఇండియానా? కాలు వల్ల ఒక టర్మ్ అప్పటికే పోయింది. ఈ సబ్జెక్టూ పోతే స్టడీ పర్మిట్ గడువులోపు చదువు పూర్తికాదు.

ఆమె తేల్చింది కెనడా అని. అక్టోబరులో చేతికర్రలతో మూడు షాపులు తిరిగింది. అన్నీ ఆ ఒంటారియో రాష్ట్రం కాయలే. ఖమ్మంలో చిన్నప్పటి నుంచి చూసినవి విదేశీ స్టిక్కర్లు.

"జూలైలో నువ్వు తిన్నది ఎక్కడి కాయ?" అన్నాను.

"ఏమో తాతయ్యా. నువ్వు కోసిస్తే తిన్నా."

డైరీ తెరిచాను. జూన్, జూలై, ఆగస్టు: చిలీ, న్యూజిలాండ్, అమెరికాలోని వాషింగ్టన్. ఒంటారియో కాయ సెప్టెంబరు దాకా లేదు.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇది ఇప్పుడా చెప్పేది?"

నిజమే. అడగందే రిపోర్టు ఇవ్వకపోవడం నా పాత జబ్బు. కూర్చోలేక మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను.

ప్రభుత్వ పట్టికలు మళ్లీ తీసింది. కెనడా తినే యాపిల్స్‌లో పెద్ద భాగం బయటివే. మనం తినేవాటిలో ఎక్కువ మన చెట్లవే. అప్పుడు నా వైపు తిరిగింది. "నీదీ సగం లెక్కే తాతయ్యా. ప్లేట్లోకొచ్చింది రాశావు. చెట్టున మిగిలిందో?"

"గట్లయితే తోటకే పోదాం, బండి తీస్తా," అంది డ్రైవర్.

ఇరవై అయిదు నిమిషాల దారి. రెండు డిగ్రీలు, ఎదురుగాలి. తోటలో మూడు వరసల చెట్లకు కాయలు అలాగే ఉన్నాయి. రబ్బరు బూట్ల రైతు చెప్పాడు, సాహితి తెలుగు చేసింది. కాయ చిన్నది, షాపులు తీసుకోవు. కోతకు మనుషులు చాలలేదు. శీతల గిడ్డంగిలోవి వేసవికి అయిపోతాయి, అప్పుడు బయటి కాయ దిగుతుంది.

తిరుగుదారిలో నేను కశ్మీరు లోయ సంగతి చెప్పాను. ఒక అక్టోబరులో కొండచరియ పడి హైవే తొమ్మిది రోజులు మూసేశారు. యాపిల్ లారీల వరస పక్కన నడిచాను. పులిసిన వాసన. కాయ ఉంది, కదలలేదు.

"ఇక్కడ రోడ్డు మంచిగనే ఉంది గదా అంకుల్. మరి వీళ్లకేం రోగం?" అంది డ్రైవర్.

సాహితి అప్పటికే ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, కెనడా బదులు ఇండియా అని, చెట్టున మిగిలిన కాయతో సహా మళ్లీ రాస్తోంది.

మర్నాడు 10:50కి ఆమె వాయిస్ మెసేజ్. "తాతయ్యా, స్టిక్కర్ల పేజీలు తెర మీద చూపించా. సర్ ఇంకోసారి తిప్పమన్నారు. పాస్."

డిసెంబరు మొదటి వారంలో ఇండియాకు బయల్దేరాను. మైనస్ ఆరు, రాత్రంతా మంచు. దారిలో ఆ తోట దగ్గర బండి ఆపమన్నాను. కంచె దాకా నడిచాను. మూడు వరసలు. ప్రతి కాయ నెత్తినా తెల్లటి టోపీ, కింద ఎరుపు. గ్లోవ్స్ తీసి చెయ్యి చాచాను. అందలేదు.

హైదరాబాదులో ఇప్పటికీ ఏడింటికి యాపిల్ కోస్తాను. స్టిక్కర్ అంటిస్తాను. కత్తి దింపే ముందు ఆ మూడు వరసలూ కనిపిస్తాయి, మంచులో, ఎవరి పేరూ అంటించుకోకుండా.