వంటింటి స్పీకరుకు రాగి తీగ

టాటానగర్ రైల్వేలో ఎలక్ట్రికల్ ఫిట్టరు పోలరాజుకు పాటలంటే ప్రాణం. కాసిడీహ్ బస్తీలో వాళ్ల ఇంటి ముందుగదిలో ఆంప్లిఫయరు, పెద్ద పెద్ద స్పీకర్లు ఉన్నాయి. భార్య జగదాంబకు మాత్రం పగలంతా వంటింట్లోనే సరిపోతుంది.

"మీ పాటలు నాకెప్పుడు ఇనిపించాయండీ? కుక్కరు ఈలే నాకు పాట" అని ఆమె ఓరోజు నవ్వుతూనే అంది. పోలరాజుకు మాత్రం చురుక్కుమంది.

ఆ వారమే సాక్చి బజారులో రాగిరంగు తీగ ఒక చుట్ట కొన్నాడు. సన్నగా, చవగ్గా ఉంది. ఇల్లంతా చుట్టి లాగి, వంటింటి అటక మీద ఒక స్పీకరు పెట్టాడు. పాటైతే వచ్చింది గానీ, దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టు వచ్చింది. అనుమానమొచ్చి తీగ కొసను బ్లేడుతో గీకాడు. పైన రాగిపూత, లోపల తెల్లటి అల్యూమినియం! అసలే సన్నం, ఆపైన అంత పొడుగు. సత్తువంతా దారిలోనే పోతోందని అర్థమైంది.

"వెండిపూత తీగెయ్యి భాయ్, తేనె కారతాది" అంటూ తోటి ఫిట్టరు ధర్మరాజు తన తీగ తెచ్చిచ్చాడు. పోలరాజు లావుపాటి అసలు రాగి తీగ కూడా కొన్నాడు.

ఆదివారం ధర్మరాజు కూడా వచ్చాక పరీక్ష పెట్టారు. కూతురు వెన్నెల తల్లి కళ్లకు చున్నీ కట్టింది. "మమ్మీ, బస్ సున్‌నా హై, ఊరికే వింటే చాలు" అని, తల్లికి తెలియకుండా భజనలో రికార్డు చేసిన పాట తన ఫోనులోంచి పెట్టింది.

ముందు సన్న తీగ. "ఎవలో పాపం, పడిశం పట్టినట్టుంది" అంది జగదాంబ.

తర్వాత రాగి. పాట మొదలవగానే ఆమె చెయ్యెత్తింది. "ఆగండాగండి... ఓలమ్మో! ఇది నానే!"

వెన్నెల పడీపడీ నవ్వింది. పోలరాజు గర్వంగా సౌండు ఇంకాస్త పెంచాడు. ఇంతకాలం ఇంట్లోనే ఇంత మంచి గొంతుందని అతడికీ ఇప్పుడే తెలిసింది మరి.

చివరికి వెండిపూత తీగ కలిపారు. "మార్చారేటి? నాకేటీ తేడా తెల్లేదు" అందామె.

ధర్మరాజు ఒప్పుకోలేదు. "నాకు కట్టండి చున్నీ, నాను చెప్తాను వదినా" అని కూర్చున్నాడు. రెండూ మార్చి మార్చి వినిపించారు. "ఇదే వెండి!" అని తొడ చరిచి మరీ చెప్పాడు. చున్నీ విప్పి చూస్తే రాగి! "అరే, గజబ్!" అని అందరికంటే గట్టిగా అతడే నవ్వాడు.

ఆ సాయంత్రం జగదాంబ అట్లు పోస్తూ, స్పీకరులోని తన గొంతుతోనే జోడు కలిపి పాడింది. పోలరాజు గుమ్మంలో చతికిలబడి వింటూ, ఏడో అట్టు కూడా వద్దనలేదు. మరుసటి వారం భజన ఆడవాళ్లంతా తమ పాటలు వినడానికి వచ్చారు. వంటిల్లు చాల్లేదు. పోలరాజు హుషారుగా మరో రాగి తీగ పెరట్లోకి లాగాడు.