దొరకని సీడీ డ్రైవు

పాత కంప్యూటర్లు బాగుచేసే అతన్ని చుట్టాలంతా పిరికి మెకానిక్ అనేవారు. స్క్రూ విప్పేముందు దాని క్షేమసమాచారం అడుగుతాడనీ, ఉరిమితే ఆ ఉరుము వెళ్లిపోయిందో లేదో చూసి రమ్మని పెళ్లాన్ని పంపుతాడనీ చెప్పుకునేవారు. అందులో సగమే అబద్ధం.

అలాంటివాడు ఒక్కసారి తెగించాడు. అదీ అన్నయ్య గొంతుతో.

పక్షవాతంతో అన్నయ్యకు మాట పడిపోయింది. ఆడేది చూపుడువేలొక్కటే. దాంతో అక్షరాలు నొక్కితే ఓ ముసలి కంప్యూటరు పైకి చదివేది. ఆ ప్రోగ్రాము అందులోని పాత సౌండు కార్డుతో తప్ప మరెక్కడా పలకదు. ఈమధ్య అది మాట మధ్యలో బిగుసుకుపోతోంది. "హార్డ్‌డిస్కు తుడిచి, సీడీలోంచి మళ్లీ ఎక్కిస్తాను వదినా," అన్నాడు.

ఆ యంత్రానికి సీడీ అంటే ఏమిటో తెలియదు. ముందు ఫ్లాపీ అనే పాతకాలపు చిన్న డిస్కు పెట్టి లేపాలి. సీడీ డ్రైవును వెతికిపట్టే ప్రోగ్రాము కూడా ఆ ఫ్లాపీలోనే ఉండాలి. అలాంటి ఫ్లాపీ తయారుచేసి, దుకాణంలో తన కంప్యూటరు మీద చూసుకున్నాడు. భేషుగ్గా పనిచేసింది. ఆ ధీమాతో ఇక్కడ లేపినప్పుడు తెరమీద జరజరా పోయే వరుసలు చదవకుండానే డిస్కు తుడిచేశాడు. తర్వాత సీడీ అడిగితే, అలాంటిదేదీ లేదంది.

మళ్లీ లేపాడు. ఈసారి చదివాడు: సీడీ డ్రైవు దొరకలేదు.

మంచం మీంచి అన్నయ్య రెప్పవేయకుండా చూస్తున్నాడు.

"ఏమయ్యా మరిదీ, చెమటతో ఇల్లు కడుగుతున్నావేం?" అంది వదిన. నవ్వబోయి, తెరకేసి చూసింది. "ఉన్న మాటా పోగొట్టావా?"

కరెంటు తీసి కంప్యూటరు పెట్టె మూత విప్పాడు. సీడీ డ్రైవు పట్టీ వైరు మదర్‌బోర్డుకు కాదు, సౌండు కార్డుకు పోయింది! ఫ్లాపీ వెతికేదేమో మదర్‌బోర్డు మీద. కార్డు దారి చూపించే ప్రోగ్రామో, ఆ సీడీలోనే ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

వైరు పీకి మదర్‌బోర్డుకు తగిలించాలి. తిరగేసి గుచ్చితే ఏది కాలుతుందో! ఎటు గుచ్చాలో చెప్పే ఎర్రగీత వైరు అంచున ఎటుందో వదినకు చూపించాడు, అన్నయ్యకు చూపించాడు, మళ్లీ తనే చూసుకున్నాడు. కళ్లు మూసుకుని నొక్కాడు.

"కళ్లు తెరిచి చెయ్యవయ్యా!" వదిన కేకేసింది.

ఫ్లాపీతో మళ్లీ లేపితే డ్రైవు లైటు వెలిగింది. సీడీ గిర్రున తిరిగింది.

అంతా ఎక్కాక కీబోర్డు అన్నయ్య వేలి కిందికి జరిపాడు. వేలు ఆగి ఆగి నొక్కింది. పెట్టె గరగరమని నోరు విప్పింది:

"ఒరేయ్... నాకూ... భయమేసిందిరా."